హాస్టళ్ళు కాదన్న పిల్లలకు ఇల్లు: డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి

జూలై నెలలో ముత్తులక్ష్మి రెడ్డి పేరు రెండుసార్లు వినబడుతుంది. ఆమె పుట్టింది 1886 జూలై 30న, పోయింది 1968 జూలై 22న. తమిళనాడు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఆమె పుట్టినరోజును ఆసుపత్రి దినంగా జరుపుతున్నారు. డాక్టరు, బ్రిటిష్ ఇండియాలో శాసనసభలో కూర్చున్న మొదటి మహిళ, అడయార్ క్యాన్సర్ ఆసుపత్రి స్థాపకురాలు. పోటీ పరీక్షలకు చదివే మన విద్యార్థులకు ఈ మూడు ముక్కలూ కంఠస్థమే. మేము చెప్పదలుచుకున్నది ఆ మూడింటి మధ్య పడిపోయిన నాలుగో సంగతి. 1930లో, తాను అంత కష్టపడి తెచ్చిన చట్టానికి ఏడాది నిండేసరికి, కొద్దిమంది ఆడపిల్లలు ఆమె ఇంటి తలుపు తట్టారు. వాళ్ళను ఎక్కడ పెట్టాలో ఆ చట్టం చెప్పలేదు.

ముందు ఒక మాట. రెడ్డి అన్న పేరు చూసి మనవాళ్ళు చాలామంది ఆమెను తెలుగామె అనుకుంటారు. కాదు. ఆ పేరు భర్త సుందర రెడ్డి నుంచి వచ్చింది. ఆమె పుట్టింది తమిళ సంస్థానమైన పుదుక్కోట్టైలో. తండ్రి నారాయణస్వామి అయ్యర్, మహారాజా కాలేజీ ప్రిన్సిపాల్. తల్లి చంద్రమ్మాళ్ దేవదాసీ కుటుంబంలో పుట్టిన స్త్రీ. ఆ పెళ్ళి చేసుకున్నందుకు తండ్రిని ఆయన బంధువులు వెలివేశారు. వెలి అన్న మాట మనకు కొత్తది కాదు. కాకపోతే ఇక్కడ దాని బరువు ఎవరి మీద పడిందో చూడాలి. అయ్యర్ ఉద్యోగం అయ్యర్‌కు ఉంది, గౌరవం ఉంది. తల్లి పుట్టుక మాత్రం కూతురి వెంట బడిదాకా, కాలేజీదాకా నడిచివచ్చింది.

ఆ పుట్టుక అంటే ఏమిటో కాస్త వివరంగా చెప్పుకోవాలి. ఎందుకంటే తర్వాత కథంతా దీని మీదే నిలబడి ఉంది. ఆడపిల్లకు ఈడు రాకముందే గుడిలో దేవుడి పేరున పొట్టు కట్టేవారు. తెలుగునాట మెళ్ళో తాళి, గజ్జెపూజ వగైరా పేర్లతో ఇదే జరిగేది. ఆ పిల్ల ఇక ఎవరినీ పెళ్ళాడకూడదు. గుడిలో పాట, ఆట, దీపారాధన ఆమె ఊడిగం. ఆ ఊడిగానికి బదులుగా గుడి ఇనాం భూమి మీద వచ్చే ఫలసాయం ఆమెది. బయటినుంచి చూస్తే ఇది కళ, ఇది భక్తి. లోపల దాన్ని నడిపింది భూమి షరతు. ఊడిగం ఆగితే భూమి పోతుంది. కాబట్టి తల్లికి వయసు మీదపడేసరికి కూతురికి, కూతురు లేకపోతే తెచ్చి పెంచుకున్న పిల్లకు పొట్టు కట్టాల్సిందే. ఇక ఈడొచ్చిన ఆ పిల్ల మొదటి రాత్రి ఏ ధనవంతుడిది, ఏ జమీందారుదన్నది ఇంటి పెద్దలు కుదుర్చుకునే బేరం. ఆమెను ఎవరూ అడిగేవారు కాదు. పన్నెండేళ్ళ పిల్లను ఏమని అడుగుతారు?

చంద్రమ్మాళ్ కూతురు దీన్ని పుస్తకాల్లో చదవలేదు. తల్లివైపు బంధువుల ఇళ్ళలో చూసింది.

ఆమె మెట్రిక్ పాసయ్యాక పుదుక్కోట్టైలో ఆడపిల్లలకు కాలేజీ లేదు. ఉన్నది మగపిల్లల కాలేజీ. ఆమెను చేర్చుకోవద్దని అభ్యంతరాలు వచ్చాయి. ఆడపిల్ల అయినందుకు కొంత, ఏ తల్లి కూతురన్నందుకు కొంత. ఆమె వస్తే తమ పిల్లలు చెడిపోతారని పెద్దమనుషుల భయం. చివరికి మహారాజే కలుగజేసుకుని సీటు ఇప్పించాడు. రాజుగారి దయ వల్ల చదువు దక్కడం మనకు నచ్చే విషయం కాదు, కానీ జరిగింది అదే. 1907లో మద్రాసు మెడికల్ కాలేజీలో చేరి 1912లో డాక్టరుగా బయటికొచ్చారు. 1914లో డాక్టర్ సుందర రెడ్డితో పెళ్ళి. తనను సమానంగా చూడాలని, తన పనులకు అడ్డు రాకూడదని ముందే మాట తీసుకుని ఆ పెళ్ళికి ఒప్పుకున్నారు. ఆయన ఆ మాట నిలబెట్టుకున్నట్టే కనిపిస్తుంది. తర్వాత జరిగినదంతా ఆ ఇంట్లోనే, ఆ ఇంటి ఖర్చుతోనే మొదలైంది కదా.

మద్రాసులో స్త్రీల సంఘాలు అప్పుడప్పుడే లేస్తున్నాయి. 1917లో అడయార్‌లో పుట్టిన విమెన్స్ ఇండియన్ అసోసియేషన్‌లో ఆమె పనిచేశారు. ఆ సంఘం పట్టుబట్టడంతోనే 1926 చివర్లో ప్రభుత్వం ఆమెను మద్రాసు శాసనమండలికి నామినేట్ చేసింది. 1927లో ఉపాధ్యక్షురాలిగా ఎన్నుకున్నారు. గుర్తుంచుకోండి, అప్పటి మద్రాసు అంటే కోస్తా, రాయలసీమ కూడా. ఆ మండలిలో చేసిన చట్టం బళ్ళారికీ, గుంటూరుకీ, విశాఖకీ వర్తిస్తుంది.

1927 నవంబరులో మైనరు ఆడపిల్లలను గుళ్ళకు అర్పించడం ఆపాలని ఆమె తీర్మానం పెట్టారు. అది నెగ్గింది. కానీ తీర్మానంతో పిల్ల మెడలో పొట్టు ఆగదని ఆమెకు తెలుసు. అందుకే 1929లో తెచ్చిన చట్ట సవరణ నేరుగా భూమి మీద చెయ్యి వేసింది. దేవదాసీల చేతిలోని ఇనాం భూములను గుడి ఊడిగం అనే షరతు నుంచి విడదీసింది. ఇక భూమి నిలుపుకోవడానికి కూతుర్ని అప్పగించాల్సిన పని లేదు. ఈ చట్టం గురించి రాసేవాళ్ళు నీతి, సంస్కరణ, స్త్రీ జాగృతి అని పేజీలు నింపుతారు. మాకు మాత్రం ఇందులో అన్నిటికంటే తెలివైన పని ఈ ఒక్కటే అనిపిస్తుంది. సంకెల ఎక్కడ కట్టి ఉందో చూసి అక్కడ కోశారు.

ఎదురొచ్చినవాళ్ళు రెండు రకాలు. ఒకరు కాంగ్రెస్ సనాతనులు. సత్యమూర్తి వంటి పెద్దలు సంప్రదాయం, కళ పేరుతో అడ్డుపడ్డారు. వాళ్ళ గురించి ఇక్కడ ఎక్కువ చెప్పక్కర్లేదు. తమ ఇంటి ఆడపిల్లను ఎప్పుడూ అర్పించనివాళ్ళు ఇంకొకరి పిల్లతో సంప్రదాయాన్ని కాపాడాలనుకున్నారు. రెండోవాళ్ళు దేవదాసీలే. సంఘంగా కూడి వినతిపత్రాలు పంపారు. వాళ్ళలో బెంగళూరు నాగరత్నమ్మ ఉన్నారు. ముద్దుపళని కావ్యాన్ని 1910లో తిరిగి అచ్చువేయించినందుకు మన తెలుగువాళ్ళు గుర్తుపెట్టుకునే నాగరత్నమ్మే. తామందరినీ వేశ్యలని ఒకే గాటన కట్టొద్దని, తమకు ముందు చదువు చెప్పించమని వాళ్ళు అడిగారు. ముత్తులక్ష్మి ఈ గొంతును సరిగ్గా విన్నారని మేము అనుకోవడం లేదు. పసిపిల్లల విషయంలో ఆమె పట్టుదల నూటికి నూరుపాళ్ళు న్యాయం. పెద్ద ఆడవాళ్ళ గురించి మాట్లాడేటప్పుడు మాత్రం ఆమె మాటలు శీలం, పవిత్రత, కుటుంబానికి ముప్పు, రోగం అనే దారి పట్టాయి. తన తల్లి కులాన్ని ఆమె అగ్రకులాల అద్దంలో చూశారనే విమర్శ ఉంది. అది తీసిపారేయదగ్గది కాదు.

అదే కాలంలో ఆమె ఇంకో చట్టం కోసం కూడా పట్టుబట్టారు. వ్యభిచార గృహాల నుంచి మైనరు పిల్లలను పోలీసులు బయటికి తేవడానికి వీలిచ్చే 1930 నాటి మద్రాసు చట్టం అది. 1930లోనే గాంధీ అరెస్టుకు నిరసనగా మండలికి రాజీనామా చేశారు. పదవి లేదు, రెండు చట్టాలు మాత్రం ఉన్నాయి. సరిగ్గా అప్పుడే ఆ పిల్లలు వచ్చారు.

దేవదాసీ ఇళ్ళ పిల్లలు వాళ్ళు. ఆ బతుకు వద్దని బయటపడ్డారు. తమ గురించి చట్టం చేసిన డాక్టరమ్మ ఒకామె మద్రాసులో ఉందని విని ఆమె ఇంటికే నడిచారు. ఆమె మొదట చేసింది ఎవరైనా చేసే పనే. చదువుకునే ఆడపిల్లల హాస్టళ్ళలో చోటు అడిగారు. బ్రాహ్మణ విద్యార్థినుల హాస్టల్ కుదరదంది. సరే, బ్రాహ్మణేతరుల హాస్టల్ ఉంది కదా అని అక్కడ అడిగారు. జస్టిస్ పార్టీ రాజకీయాలు ఉధృతంగా నడుస్తున్న మద్రాసు అది. బ్రాహ్మణేతరుల ఆత్మగౌరవం గురించి రోజూ సభలు జరుగుతున్న నగరం. ఆ హాస్టల్ కూడా కుదరదంది. కారణం రెండు చోట్లా ఒకటే: ఆ పిల్లల పుట్టుక.

మా పాఠకుల్లో సగంమంది హాస్టళ్ళలో చదువుకున్నవాళ్ళే. మేమూ అంతే. హాస్టల్ సీటు అంటే ఏమిటో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. మూడు పూటల తిండి, ఒక ట్రంకు పెట్టె పెట్టుకునే జాగా, ఊరికి తిరిగి వెళ్ళనక్కర్లేదనే ధైర్యం. ఆ సీటు లేక తిరిగి వెళ్ళిపోయిన మన క్లాసు ఆడపిల్లలు ఏమయ్యారో కూడా మనకు తెలుసు. ఆ పిల్లలను ఆ రోజు వెనక్కి పంపి ఉంటే వాళ్ళకున్నది రెండే దారులు: పొట్టు కట్టిన ఇల్లు, లేకపోతే వీధి. ముత్తులక్ష్మి వాళ్ళను తన ఇంట్లోనే ఉంచుకున్నారు. అలా 1931లో అవ్వై హోం మొదలైంది. పేరు అవ్వైయార్‌ది. పెళ్ళి, మొగుడు లేకుండా తన మాట మీద బతికిన తమిళ కవయిత్రిగా జనం చెప్పుకునే ముసలమ్మ. ఆ పేరు ఎంచుకోవడంలో ఒక సంగతి ఉంది. రక్షణాలయం అనో, పతితోద్ధారణ అనో అప్పట్లో పెట్టే పేర్లలో పిల్ల నుదుటి మీద మచ్చ ఉండేది. బడిలో ఎక్కడి నుంచి వస్తున్నావని అడిగితే అవ్వై ఇంటి నుంచి అని చెప్పుకోవడానికి ఈ పిల్లలకు సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

అక్కడ పని ఎలా సాగిందంటే, మొదట చదువు. వయసుకు తగ్గ క్లాసులో చేర్చడం, చేర్చలేని పిల్లలకు ఇంట్లోనే చెప్పడం. తర్వాత చేతిపని, టీచరు ట్రైనింగ్, నర్సు పని. తన కాళ్ళ మీద నిలబడే జీతం వచ్చేదాకా పిల్లను పంపకూడదన్నది ఆ పనిలో కనిపించే పట్టుదల. అప్పటి దాతృత్వ సంస్థలు చాలావాటికి తొందర ఎక్కువ. పిల్లకు ఎవరితోనో ముడిపెట్టేసి లెక్క మూసేసేవి. దేవదాసీ పిల్లలతో మొదలైన ఈ ఇంట్లోకి క్రమంగా అనాథలు, వదిలేసిన పిల్లలు, విధవరాళ్ళు వచ్చారు. కులం, మతం అడగలేదు. ఇల్లు చాలక అడయార్‌కు మారింది. విరాళాలకోసం ఆమె స్వయంగా తిరిగారు. ఎవరినీ మొహమాటం లేకుండా అడిగే మనిషి. బడి పెరిగింది, ఉపాధ్యాయ శిక్షణ వచ్చింది. ఆ సంస్థ ఇప్పటికీ అక్కడే నడుస్తోంది.

అదే అడయార్‌లో 1936లో రుక్మిణీదేవి కళాక్షేత్రం పెట్టారు. దేవదాసీల సదిర్ ఆట భరతనాట్యం అయి అగ్రకుల ఆడపిల్లల కాళ్ళకు చేరింది. ఒకే పేటలో ఒకచోట దేవదాసీల పిల్లలు టీచరు ట్రైనింగ్ పరీక్షకు చదువుతున్నారు, ఇంకోచోట వాళ్ళ అమ్మమ్మల అడుగులను వేరే ఇళ్ళ పిల్లలు నేర్చుకుంటున్నారు. మచ్చ ఒకరికి మిగిలింది, కళ ఇంకొకరికి వెళ్ళింది. దీనికి ముత్తులక్ష్మిని ఒక్కరినే బాధ్యురాలిని చెయ్యడం అన్యాయం. కానీ ఆమె చట్టం ఖాళీ చేసిన చోటే ఆ కొత్త వేదిక లేచిందన్నది కాదనలేం. 1947లో దేవదాసీ సమర్పణ నిషేధ చట్టం పూర్తిగా వచ్చింది. 1956లో మన రాష్ట్రంలో దాన్ని ఇంకా బిగించి గోదావరి జిల్లాల కళావంతుల మేజువాణీలను కూడా ఆపేశారు. ఆట మానేసిన ఆ ఆడవాళ్ళకు ఊరికో అవ్వై హోం ఎవరూ పెట్టలేదు.

ఇప్పుడు మన వాడలకు వద్దాం. ముత్తులక్ష్మి చట్టం చూసింది గుడినీ, గుడి భూమినీ. మాదిగ, మాల ఆడపిల్లకు గుడి లోపలికి అడుగే లేదు, ఇక ఇనాం ఎక్కడిది? అనంతపురం, కర్నూలు వైపు బసివి, చిత్తూరు వైపు మాతమ్మ, తెలంగాణలో జోగిని. ఎల్లమ్మ పేరునో, పోచమ్మ పేరునో పిల్ల మెడలో ముత్యం కడతారు. ఈడొచ్చాక ఆమె ఊరి దొరది, ఆ తర్వాత ఊరందరిదీ. జాతరలో, శవం ముందు ఆడటం ఆమె పని. దానికి దక్కేది పిడికెడు గింజలు. ఇక్కడ ఊడిగానికి బదులు భూమి అన్న ఒప్పందం కూడా లేదు, కాబట్టి 1929 చట్టం ఆమెకు విడిపించి ఇచ్చింది ఏమీ లేదు. నిజాం రాజ్యంలో ఈ ఆచారాన్ని ఆపమని ఆ రోజుల్లోనే వాడవాడా తిరిగినవారు భాగ్యరెడ్డి వర్మ. హరికథలు చెప్పించి, పంచాయతీలు పెట్టి, బడులు తెరిచి చేశారు ఆ పని. బొంబాయిలో 1936లో అంబేద్కర్ కామాటిపుర ప్రాంతపు మహర్ దేవదాసీలను, జోగతీలను, మురళీలను పిలిచి సభ పెట్టి, ఆ బతుకు వదిలి రమ్మన్నారు. వదిలితే ఎలా తినాలన్న ప్రశ్న ఆ ఆడవాళ్ళకు మిగిలే ఉంది. ఆయన ఆ మాటను నమ్మినంత గట్టిగా దానికి జవాబు చూపించలేదని చెప్పడం ఆయన్ని తక్కువ చెయ్యడం కాదు. డబ్బున్న నగరంలో డబ్బున్న డాక్టరు తెరవగలిగిన తలుపు అందరి చేతిలోనూ లేదు.

మనకు జోగిని పేరును కూడా కలుపుకున్న ఆంధ్రప్రదేశ్ చట్టం 1988లో గాని రాలేదు. 2015లో అట్రాసిటీ చట్టాన్ని సవరించినప్పుడు దళిత, ఆదివాసీ స్త్రీని దేవుడికి అర్పించడాన్ని, దాన్ని ప్రోత్సహించడాన్ని నేరాల జాబితాలో చేర్చారు. కేసు పెట్టే కార్యకర్తలు ఈ సెక్షన్‌ను మరిచిపోతుంటారు, అందుకే ఇక్కడ చెబుతున్నాం. చట్టాలతోపాటు ఇల్లు తెరిచినవాళ్ళు మనకూ ఉన్నారు. గుర్రం జాషువా కూతురు హేమలత, లవణం నిజామాబాద్ జిల్లాలో జోగినుల కోసం, వాళ్ళ పిల్లల కోసం చెల్లి నిలయం నడిపారు. అవ్వ పేరున అక్కడ, చెల్లి పేరున ఇక్కడ. రెండూ చుట్టరికపు పిలుపులే కావడం మాకు నచ్చింది.

ముత్తులక్ష్మి జీవితంలో తర్వాతి భాగం అందరికీ తెలిసినదే, కాబట్టి క్లుప్తంగా. సొంత చెల్లెలు క్యాన్సర్‌తో, రోగమేదో సమయానికి తేలక పోయింది. ఆ దుఃఖాన్ని ముప్పై ఏళ్ళు మోసి 1954లో అడయార్ క్యాన్సర్ ఆసుపత్రి తెరిపించారు. 1956లో పద్మభూషణ్. ఎనభై రెండేళ్ళు నిండడానికి వారం ముందు చనిపోయారు. తెరిచిన రెండు తలుపుల్లో ఆసుపత్రికే ఎక్కువ పేరొచ్చింది. రోగి వెనక కులం కనబడదు కాబట్టి ఆసుపత్రికి చందా ఇవ్వడం సులువు. పొట్టు విప్పుకుని వచ్చిన పిల్లకు పక్కన మంచం ఇవ్వడానికి ఆ మద్రాసులో ఏ హాస్టలూ ముందుకు రాలేదు.

ఈ జూన్‌లో మన సంక్షేమ హాస్టళ్ళలో అడ్మిషన్లు జరిగేటప్పుడు మీలో కొందరు ఫారాలు నింపడానికి సాయం వెళ్తారు. తండ్రి పేరు అన్న గడి దగ్గర ఆగిపోయి తల దించుకునే పిల్ల కనబడితే, అక్కడ తల్లి పేరు రాయండి. వార్డెన్ కాదంటే రాతపూర్వకంగా కారణం అడగండి. ఆ పిల్ల సాయంత్రానికి ఎక్కడ పడుకుంటుందో తెలిసేదాకా అక్కడినుంచి కదలకండి.